క్యాసెట్‌లోని మాట

మెట్‌పల్లి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నవనీతది బీఏ ఆఖరి సంవత్సరం. చరిత్ర చెప్పే జమున మేడం రోజూ క్లాసులయ్యాక ఆరుగురిని కూర్చోబెట్టి యూనివర్సిటీ ఎంట్రెన్స్‌కు చదివించేది.

"బిట్లు చదివితే సీటొస్తది. ఆడ నిలబడాలంటే రాసుడు రావాలె" అంటూ ఓరోజు నాలుగు పేజీల వ్యాసం రాసి తెమ్మంది.

నవనీత గల్ఫ్ వలసల గురించి గైడ్ చూసి రాసింది. మేడం చదివి, "గీ కాగితాలల్ల నువ్వేడున్నవే?" అని కాగితాలు తిరిగిచ్చింది.

నవనీత తాత హనుమండ్లు మస్కట్‌లో పనిచేసి, తిరిగొచ్చాక చనిపోయాడు. చదువురాని నానమ్మ లస్మవ్వకు ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి పంపేవాడు. నవనీత పాత టేప్‌రికార్డర్ బాగుచేయించి ఒక క్యాసెట్ పెట్టింది.

"నేను మంచిగున్న. ఫికర్ చెయ్యకు" అంది తాత గొంతు.

"అబద్ధం" అంది లస్మవ్వ.

"నీకెట్ల తెలుసు?"

"మాటమాటకు ఆగుతుండు సూడు. మంచిగున్నోడు గట్ల ఆగడు. గప్పుడు కాలిరిగి మంచంల ఉన్నడట. ఇంటికొచ్చినంక చెప్పిండు."

మూడు రోజులు నవనీత ఆ క్యాసెట్లే వింటూ, నానమ్మను అడుగుతూ రాసింది. నాలుగు పేజీలు పదకొండయ్యాయి. మేడం సగం కొట్టేస్తే ఏడుపొచ్చింది. మళ్లీ రాసింది.

ఎంట్రెన్స్ రాసిన ఆరుగురిలో నలుగురికి సీట్లు వచ్చాయి. నవనీతకు హైదరాబాద్‌లో ఎమ్మే చరిత్ర.

"బీఈడీ చేస్తే టీచర్ నౌకరన్నా వస్తది. చరిత్రతోని ఏమొస్తది?" అన్నాడు నవనీత తండ్రి అంతయ్య. నవనీత వాదించలేదు. తన వ్యాసం చదివి వినిపించింది. మస్కట్‌లో తన తండ్రి కాలు విరిగిన సంగతి అంతయ్యకు అప్పటిదాకా తెలియదు. లేచి పసుపు చేనుకు వెళ్లిపోయాడు. చేరే రోజు మాత్రం తనే బస్టాండుకు తీసుకొచ్చి, "బీఈడీకి సుత దరఖాస్తు పెట్టు" అన్నాడు.

యూనివర్సిటీలో పాఠాలన్నీ ఇంగ్లిషులోనే. వారం తిరగకుండానే జమున మేడంకు ఫోన్ చేసింది.

"సగం సుత సమజైతలేదు మేడం. వాపస్ వస్త."

"నాకు మొదటేడు పావు సుత సమజ్ కాలే బిడ్డా. రేపు తెల్వని మాట ఒక్కటి లేచి అడుగు. గంతే."

మర్నాడు క్లాసులో నవనీత లేచి, తెలియని మాట గురించి తెలుగులోనే అడిగింది. సారు ఆగి, బోర్డు తుడిచి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. పక్క బెంచీలో అప్పటిదాకా రాయకుండా కూర్చున్న ఇద్దరు గబగబా నోట్‌బుక్కులు తెరిచారు.