ఆరువందల దగ్గరే

మేనకోడలు పన్నెండో సెల్‌ని ఫర్నేస్‌లో పెట్టి మూడు రోజులైంది. హైడ్రోజన్ అందిస్తే కరెంటిచ్చే పింగాణీ బిళ్ళ అది. వర్క్‌షాపు మేనమామది. ఇలాంటివి ఎనిమిది వందల డిగ్రీల్లో గాని సరిగ్గా పనిచెయ్యవు, ఆ వేడికి చుట్టూ ఉన్న స్టీలు తుప్పుపట్టి చస్తుంది. ఆరువందలకి దింపగలిగితే మామూలు స్టీలు చాలు. కాకపోతే వేడి తగ్గేకొద్దీ పింగాణీ మొరాయిస్తుంది. అందుకని ఆమె బిళ్ళలోని పింగాణీ పొరని వెంట్రుకలో పదోవంతుకి పలచన చేసింది. పదకొండు పగిలాయి. పన్నెండోది మాత్రం నిలబడింది.

కానీ మీటరు 0.38 దగ్గర భీష్మించుకు కూర్చుంది. కొనేవాళ్ళకి మాటిచ్చింది చదరపు సెంటీమీటరుకి అర వాటు. వాళ్ళు మధ్యాహ్నం వస్తున్నారు. చూపించలేకపోతే ఈ పని ఇవాళే మూత.

“ఏడువందలకి పెంచు. బోర్డు మీద ఆరువందలే ఉంచు,” అన్నాడు మేనమామ గొంతు తగ్గించి.

“పెంచను సార్.”

“సార్ ఏంటే? మావయ్యగా చెబుతున్నా.”

“గుమ్మం దాటి లోపలికొస్తే మావయ్య లేడన్నది మీరేగా? లేని మనిషి మాట ఎలా వినమంటారు?”

ఆయనకి ఒళ్ళు మండింది. తను పెట్టిన రూలు తన నెత్తికే తగిలింది మరి! నాబ్ మీద చెయ్యి వెయ్యబోతే ఆమె అడ్డంగా నిలబడింది. భయం లేక కాదు. రెండేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోతుందని ఆమెకీ తెలుసు. అయినా బోర్డు మీద పెద్దంకెల్లో రాసేసింది: 600 డిగ్రీలు, 0.38.

వచ్చినవాళ్ళలో పెద్దమనిషి అది చూసి పెదవి విరిచాడు.

“పొర బాగానే ఉందండీ. గాలి తగిలే వైపు పూత మందకొడిగా ఉంది, అది మార్చాలి. ఇంకో ఏడాది పడుతుంది,” అందామె.

“ఏడాదా! కాస్త వేడి పెంచి అర వాటు చూపించమ్మా. ఫొటో తీసి మావాళ్ళకి పంపుకుంటాం. డిగ్రీలెవరడుగుతారు?” అని ఆ పెద్దమనిషి మేనమామ వైపు తిరిగి కన్నుగీటాడు.

పొద్దున మేనమామ అన్నదీ ఇంచుమించు అదే. పరాయివాడి నోట వినేసరికి ఆయన మొహం ఎర్రబడటం ఆమె చూసింది. ఇక తన పని అయిపోయిందనుకుంది.

“నేనడుగుతా,” అన్నాడు మేనమామ. “వేడి పెంచం. ఉంటే కూర్చోండి, లేకపోతే దారి అదిగో.”