చేదెక్కని రసం

"స్నేహా, రేపు పులిహోర నిమ్మకాయతో చెయ్యి. కమిటీవాళ్ళకి చెప్పుకోడానికి బాగుంటుంది," అన్నారు మా ఆయన సాల్మన్, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. అప్పటికే నేను కాయలు కోసి, క్యారేజీల్లోకి అన్నం కలపడానికి రసం పిండుతున్నాను. అందరికీ సర్దేసి ఏలూరు పవర్‌పేట స్టేషన్లో పాసింజరు అందుకోవాలి. ఆయనదీ అదే బండి. ఇద్దరం తాడేపల్లిగూడెంలో దిగి ఒకే యూనివర్సిటీకి, ఒకే డిపార్ట్‌మెంటుకి వెళతాం. ఆయన అక్కడ అసోసియేట్ ప్రొఫెసరు, నేను ఏడాదికోసారి ఆర్డరు పొడిగించే టెంపరరీ రీసెర్చ్ అసిస్టెంటుని. ఇంకో తేడా కూడా ఉంది. ఆయన బయల్దేరేముందు పేపరు మొత్తం చదువుతారు.

"అన్నట్టు, రేపటి ఒప్పందంలో ఆ నిమ్మరసం టెక్నాలజీ కనిపెట్టింది నేనని రాయాల్సొచ్చింది. టెంపరరీవాళ్ళ పేర్లు ఒప్పుకోరంట. నువ్వేం అనుకోకు," అని కూడా అన్నారు, పులిహోర సంగతి చెప్పినంత మామూలుగా.

"సరేనండి," అన్నాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మనసు ఇంకా చెప్పులేసుకుంటుండగానే అది వీధిలోకి వెళ్ళిపోతుంది. రైలెక్కాక కూర్చోవడానికి చోటు దొరికితే, అప్పుడు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కొంగుతో కళ్ళొత్తుకున్నాను. భీమడోలు దాటేదాకా దుమ్ము పడుతూనే ఉంది.

కనిపెట్టడం అంటే పెద్ద మాట కానీ, జరిగింది ఇది. వానలు మొదలయ్యేసరికి ఏలూరు మార్కెట్లో నిమ్మకాయ ధర పడిపోతుంది. రైతులు బస్తాలు తిరిగి మోసుకెళ్ళే కూలి కూడా దండగని రోడ్డు పక్కన పారబోసి పోతారు. రసం తీసి దాచుకుందామంటే నాలుగు రోజుల్లో చేదెక్కిపోతుంది. మిషన్లో వేస్తే తొక్కా గింజా కూడా నలిగి, ఆ చేదంతా రసంలోకి దిగుతుంది. కాయని నలగకుండా ఎంతవరకు నొక్కాలి, వెంటనే ఎంత వేడి చూపించాలి, ఎప్పుడు చల్లార్చాలి అన్నవి తేల్చడానికి నాకు మూడు వేసవులు పట్టింది. మా అమ్మాయి మానస పుట్టాక మానేసిన ఉద్యోగంలోకి తిరిగొచ్చిన కొత్త. పెద్ద పనులు పర్మనెంటువాళ్ళు తీసుకోగా మిగిలిన నిమ్మకాయలు నాకిచ్చారు. రోజూ ఉదయం రసం రుచి చూసి చూసి నాలుక పగిలిపోయేది. ఇంట్లో కూర ఉప్పు తెలిసేది కాదు. "చదువుకున్న కోడలు కదా, ఉప్పు కూడా పుస్తకంలో చూసి వేస్తుంది," అనేవారు మా అత్తయ్య సారమ్మ గారు. చేదెక్కని రసం సీసా పట్టుకుని నేను మొదట పరిగెత్తింది ఆయన గదికే. ఆయన గుక్కెడు తాగి, చాలాసేపు నన్నే చూసి, "మన పంట పండింది," అన్నారు. ఆ 'మన' ఎంత తియ్యగా వినబడిందో ఆ రోజు.

అప్పుడే ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. పరిశోధనలు యూనివర్సిటీ బీరువాల్లో మూలిగితే రాష్ట్రం ఎదగదట. వాటిని కంపెనీలకు అప్పగిస్తే ఫ్యాక్టరీలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి, రైతుకి ధర వస్తుందని మీటింగుల మీద మీటింగులు. నేను వెనక వరసలో కూర్చుని వాళ్ళన్నదంతా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే సుబ్బరామయ్య గారు నిమ్మరసం ప్లాంటు పెడతానని ముందుకొచ్చారు. మర్నాడే ఏలూరులో సంతకాలు, తర్వాత యూనివర్సిటీ కమిటీవాళ్ళకి మా ఇంట్లో భోజనాలు. ఏప్రిల్లో నా ఆర్డరు పొడిగించకపోతే ఇంకో చోట చూపించుకోవడానికి ఆ రసం తప్ప నాకేమీ లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

ఆ రోజంతా ల్యాబులో ఏ పని ముట్టుకున్నా మా చర్చిలో కోతపండుగ గుర్తొచ్చింది. ప్రతి ఇంటినుంచీ తెచ్చిన పళ్ళూ, కేకులూ, పిండివంటలూ బల్లమీద పెట్టి వేలం వేస్తారు. నేను చేసిన కేకుని "సాల్మన్ గారి కుటుంబం అర్పించిన కేకు" అని పైకెత్తి చూపిస్తారు పాస్టరు గారు. పెళ్ళాం చేసింది ఎవరూ పాడకపోతే పరువు తక్కువని ఆయనే పాట పెంచి పాడుకుంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఇచ్చిందీ ఆయనే, పుచ్చుకున్నదీ ఆయనే. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నది మాత్రం నేను. ప్రతి ఏడూ ఆ కేకు ఇంటికి తిరిగొస్తే మురిసిపోయేదాన్ని, నా మొగుడికి నేనంటే ఎంత ప్రేమోనని. ప్రేమే. కాదనను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగింది.

"సాల్మన్ గారున్నారా అండీ? నేను యూనివర్సిటీ టెక్నాలజీ సెల్ నుంచి విజయకుమారినండి."

"చర్చి కమిటీకి వెళ్ళారండి. నేను వాళ్ళావిడనండి."

"మీతోనే పనండి. ప్లాంటులో వాళ్ళకి పని నేర్పడానికి సీజనంతా ఎవరొస్తారని సుబ్బరామయ్య గారు అడుగుతున్నారు. కనిపెట్టినవాళ్ళే వెళ్ళాలని విధానంలో ఉందండి. సాల్మన్ గారేమో 'మా మిసెస్ ఖాళీగానే ఉంటుంది, వచ్చి చూపిస్తుంది' అన్నారు. మీకా పని వచ్చా అండీ?"

"వచ్చండి."

"సార్ నేర్పారా అండీ?"

 ఎందుకడిగానో తెలియకుండానే అడిగాను. "టెంపరరీవాళ్ళ పేర్లు పెట్టకూడదటగా అండీ?"

"ఎవరన్నారండీ? పనిచేసినవాళ్ళందరి పేర్లూ ఉండాలి, పర్మనెంటైనా టెంపరరీ అయినా. విధానంలో అలాగనే రాశారు. కాకపోతే రేపు సంతకాలయ్యాక మార్చడం కుదరదండి," అంది విజయకుమారి. తర్వాత గొంతు తగ్గించి, "ల్యాబు రికార్డుల్లో ఉన్న స్నేహలత గారు మీరేనా అండీ?" అంది.

ఫోను పెట్టేసి అక్కడే నేలమీద కూర్చున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సెక్రటేరియట్‌లో నా మొహమెరుగని ఆఫీసరెవరో ఆ మాట రాసేటప్పుడు నాలాంటిది ఎక్కడో ఒకత్తి ఉంటుందని తలుచుకున్నాడు. పదకొండేళ్ళుగా నా పక్కన పడుకునే మనిషికి ఆ తలంపు రాలేదు. వచ్చిందేమో, అణిచేసుకున్నాడేమో. ఏది నిజమైతే నాకు తక్కువ నొప్పో తేల్చుకోలేకపోయాను. కోపం కూడా సరిగ్గా రాలేదు. సిగ్గేసింది. నిబంధనేమిటో చూడకుండా, ఇంట్లో చెప్పిందే నిబంధన అనుకున్నందుకు.

ఆయన రాగానే అడిగాను. "టెంపరరీవాళ్ళ పేర్లు ఒప్పుకోరని మీకెవరు చెప్పారండీ?"

కండువా తీస్తున్న చెయ్యి ఆగింది. "ఎవరో అన్నారులే. అయినా ఇద్దరి పేర్లూ పెడితే మొగుడూపెళ్ళాలు కూడబలుక్కున్నారంటారు. నా ప్రొఫెసరు పోస్టు దగ్గరికొచ్చింది స్నేహా. అది వస్తే ఎవరికి? ఒకే ఇంట్లో నీ పేరేంటి, నా పేరేంటి?"

"ఒకే ఇల్లేగా. అయితే నా పేరే పెట్టుండాల్సిందండి."

ఆయన నవ్వారు, నేను హాస్యమాడాననుకుని. అత్తయ్య చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, "పేరెక్కడికి పోద్దమ్మా, మనింట్లోనే ఉంటది. మొగోడి పేరు పెరిగితే ఆడదానికి నీడ," అన్నారు. వాళ్ళిద్దరిలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. నా కష్టం నాది కాదని వాళ్ళనలేదు. అది అందరిదీ అన్నారు. మరి ఆయన కష్టం ఎప్పుడూ ఆయనదే ఎందుకైందో ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వెళ్ళిపోయారు. నేను అన్నం వార్చాను, పోపు సామాను తీశాను. చేతులు కడుక్కుని, గరిటె అత్తయ్యకి అందించాను.

"తిరగమోత మీరు పెట్టేయండి అత్తయ్యా. నేను మీటింగుకి వెళ్ళొస్తాను."

"నిన్ను పిలిచారా?"

"పిలవలేదండి."

ఆవిడ మొహం గంటు పెట్టుకున్నారు. గరిటె మాత్రం అందుకున్నారు.

సన్నటి హాలు, పొడుగాటి బల్ల. ఆ చివర ఆయన, ఫైలు తెరిచి పెట్టుకుని. నన్ను చూసి ఇంటి దగ్గర ఏదో అయిందని సగం లేచారు. "మానస బాగానే ఉంది, కూర్చోండి," అన్నాను.  కాగితాలు సర్దుతున్న ఆవిడ విజయకుమారే అయ్యుంటుంది. నన్ను చూసి ఏమీ అడక్కుండా, పేర్లున్న కాగితం బల్ల మీద నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి పట్టుకుంది. ఆయన నా పేరు పిలిచారు, ఇంట్లో పిలిచే గొంతుతోనే, చాలా మెల్లగా. ఒక్క క్షణం నా నోట్లో ఆ పాత 'సరేనండి' కదిలింది. మింగేశాను.

సుబ్బరామయ్య గారు మర్యాదగా పక్కకి జరిగి, "రండమ్మా, రండి. తమరు సాల్మన్ గారి తాలూకానా అండీ?" అన్నారు.

"కాదండీ," అన్నాను కుర్చీ లాక్కుంటూ, "నేను ఆ నిమ్మరసం తాలూకా."