జారడం నేర్చిన ఎడమ బూటు

నేను ఒక ఎడమకాలి ఫుట్‌బాల్ బూటును. ఎడమ అని ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా జతగాడైన కుడి బూటుకు గర్వం కాస్త ఎక్కువ. బంతిని తన్నేది తనేనట, గోల్స్ అన్నీ తనవేనట. కాదనను. కానీ వాడు తన్నే ఆ క్షణంలో మనిషి బరువంతా ఎవరి మీద నిలబడుతుందో మీరే ఆలోచించండి. నేను నేలను పట్టుకోకపోతే ఎంత మొనగాడైనా వెల్లకిలా పడాల్సిందే. అందుకే నా గొప్ప నేను చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఎక్కడో పంజాబులో ఒక కార్ఖానాలో పుట్టాను. నల్లటి ఒళ్లు, పక్కన పచ్చటి చార, అడుగున ఆరు పొడుగాటి స్టడ్లు. తడిసిన మెత్తటి పచ్చికలోకి దిగబడి పట్టు ఇవ్వడానికి పెట్టిన స్టడ్లవి. ఆ సంగతి రాసిన కాగితం ఒకటి నాతోపాటే డబ్బాలో పెట్టారు. దాన్ని చదివినవాడు లేడు. ధర్మవరంలో మా ఇంటికి చేరిన రోజే అది నాలుగు మడతలై ఊగుతున్న బీరువా కాలి కిందికి వెళ్లింది.

నన్ను కొన్నవాడు ఓబులేసు. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పొద్దున మగ్గం తొక్కి, సాయంత్రం బంతి తన్నేవాడు. ధర్మవరం జట్టుకు సెంటర్ ఫార్వర్డ్. అతని కాలు తొమ్మిదో నంబరు, నేను ఎనిమిది. అంగడివాడు పెద్దది చూపించినా వద్దన్నాడు.

"బూటు కాలికి అతుక్కోనుండల్లప్పా. వదులుగా ఉంటే బంతి మాట ఇనదు" అన్నాడు.

బంతి మాట వినడం సంగతేమో కానీ, రెండు నెలల్లో అతని బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. దాన్ని కూడా పతకంలా పదిమందికీ చూపించుకున్నాడు. లేసు చాలదన్నట్టు, మిగిలిన తాడును నా అడుగునుంచి రెండు చుట్లు తిప్పి బిగించేవాడు. ఆట సగంలోనే పాదం తిమ్మిరెక్కేది. ఆటగాళ్ల సంగతే అంత. కాలితో బతుకుతారు, కాలు చెప్పే మాట మాత్రం వినరు.

మొదటి ఆటలోనే మూడు గోల్స్ కొట్టాడు. ఆ రోజు వాన కురిసి మైదానం బురదగా ఉంది. నా స్టడ్లు కోరుకున్న నేల అది. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అతనితోపాటు నేనూ పైకి లేచి, ధర్మవరాన్ని మొదటిసారి అంత ఎత్తునుంచి చూశాను. ఆ రోజునుంచి నన్ను కడగడం మానేశాడు. గెలిచిన బూటును కడిగితే గెలుపు కొట్టుకుపోతుందని ఆ జట్టులో అందరి నమ్మకం. ఎప్పుడూ ఎడమదే ముందు తొడగాలి, ఓడిపోయేదాకా బూట్లు మార్చకూడదు, మైదానానికి వెళ్లేటప్పుడు వాటిని ఎవరూ దాటకూడదు. ఆయుధపూజ రోజున మగ్గానికి బొట్టు పెట్టి, తర్వాత మాకూ పెట్టేవాడు. ఆ బొట్టు చూసుకుని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

నాలుగో ఏడు, ఏప్రిల్‌లో గుంతకల్లు జట్టుతో ఫైనల్. ఎండలకు మా మైదానం ఎర్రగా, గట్టిగా, పారకు కూడా లొంగకుండా ఉంది. మైదానం గోడ పక్కన చెప్పులు కుట్టే దస్తగిరి జట్టు బూట్లన్నీ బాగుచేసేవాడు. నన్ను తిరగేసి చూసి తల ఊపాడు.

"ఏమప్పా ఓబులేసూ, నేల రాయై ఉండాది. ఈ పొడుగు స్టడ్లతో దిగితే ఇరుక్కుంటాయి. రబ్బరువి ఏసుకో."

"మూడు గోల్స్ కొట్టిన బూట్లు దస్తగిరన్నా. ఇప్పుడు ఇడిస్తే ఎట్ల?"

జరిగింది ఒక్క క్షణంలో జరిగింది. బంతి కుడివైపు వచ్చింది. అతను పరుగు మీద గిరుక్కున తిరిగాడు. నడుము తిరిగింది, తొడ తిరిగింది. నేను తిరగలేదు. ఎండకు నెర్రె విచ్చిన చోట నా స్టడ్లు రెండు దిగబడి ఉన్నాయి. నేలను పట్టుకోవడం నా పని. పట్టుకున్నాను. పైన మోకాలిలో ఏదో పటుక్కున తెగింది. ఆ చప్పుడు అందరికన్నా ముందు తెలిసింది నాకే.

ఆ కాలు మళ్లీ నిటారుగా రాలేదు. ఆట పోయింది. మగ్గం మాత్రం కుంటుతూనే తొక్కేవాడు. వాళ్లమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. గుంతకల్లువాళ్లు ఏదో చేశారన్నారు కొందరు. ఆ రోజు పొద్దున ఎవరో మమ్మల్ని దాటారని ఓబులేసు తేల్చాడు. నన్ను మాత్రం ఒక్కరూ అనలేదు. గోడకు మేకు కొట్టి, దేవుడి పటాల పక్కన తగిలించాడు. ఏటేటా బొట్టు పెట్టాడు. నిజం తెలిసిన నేను ఆ బొట్టు మోస్తూ ఆరేళ్లు సిగ్గుతో వేలాడాను.

ఆరేళ్ల తర్వాత అతని అక్క కూతురు సుంకమ్మ జిల్లా అమ్మాయిల జట్టుకు ఆడటం మొదలుపెట్టింది. మేనమామలాగే పొడుగు. ఈ పిల్లకు కాళ్లు ఇంత పెద్దవేమని అవ్వ ఎప్పుడూ గొణిగేది. ఫైనల్‌కు వారం రోజులుందనగా ఆమె బూట్లు ముందువైపు నోరు తెరిచాయి. ఓబులేసు బల్ల ఎక్కి మమ్మల్ని మేకుమీంచి దించాడు.

ఆమె కాలు లోపలికి వచ్చింది. వేళ్లు చక్కగా పరుచుకున్నాయి, మడమ ఒదిగి కూర్చుంది. సరిగ్గా ఎనిమిదో నంబరు కాలు! పుట్టిన పదేళ్లకు నా కొలత కాలు నాకు దొరికింది. అవ్వ ఏమన్నా సరే, అంత అందమైన పాదాన్ని నేను చూడలేదు.

మళ్లీ ఏప్రిల్, మళ్లీ అదే మైదానం. సాధనకు వెళ్లిన రెండో రోజే సుంకమ్మ ఆగిపోయింది. అటూ ఇటూ తిరిగి చూసుకుంది. సాయంత్రం మగ్గం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మామా, తిరిగేటప్పుడు నేల నా కాలు పట్టుకుంటాంది. ఈ స్టడ్లు కోయిస్తా."

ఓబులేసు అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపాడు. "కోయిస్తావా? ఆరేండ్లు పూజ చేసినవి పాపా అవి. గెలుపు వాటిలోనే ఉండాది."

"నీ మోకాలు గూడా వాటిలోనే పోయింది మామా."

ఆ ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే. ఓబులేసు ముఖం ఎర్రబడింది. ఆమె మమ్మల్ని చంకన పెట్టుకుని దస్తగిరి దగ్గరికి నడిచింది. ముసలాయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు గానీ పనిముట్టు ముట్టుకోలేదు.

"మీ మామ చెప్పందే నేను కొయ్యను తల్లీ. ఆయన పానం ఇది."

ఓబులేసు కుంటుకుంటూ వెనకాలే వచ్చాడు. వాదిస్తుందేమోనని చూశాడు. సుంకమ్మ వాదించలేదు. నన్ను ఎండిన నేల మీద నెర్రె విచ్చిన చోట పెట్టి, కాలితో గట్టిగా తొక్కి దిగేసింది.

"ఇప్పుడు చేత్తో పట్టుకుని తిప్పు మామా."

అతను కింద కూర్చుని నన్ను పట్టుకున్నాడు. బరువంతా వేసి తిప్పాడు. నేను కదల్లేదు. కదలడం నా చేతిలో లేదు. రెండోసారి తిప్పాడు. మణికట్టు మెలిపడి నొప్పికి చెయ్యి వదిలేశాడు. కాసేపు ఆ చెయ్యి వంక చూశాడు. తర్వాత తన మోకాలి వంక చూశాడు.

"ఆ పొద్దు గూడా ఇట్లే..." అని ఆగిపోయాడు. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. "రంపం ఇయ్యి దస్తగిరన్నా. నేనే కోస్తా."

తనే కోశాడు. ఆరు స్టడ్లనూ సగానికి కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. మధ్యలో దస్తగిరి టైరు రబ్బరు ముక్కలు చిన్నచిన్నవి అతికించాడు. నాకు నొప్పి కలిగిందా అంటారా? బూటుకు పొగరు దాని స్టడ్లలోనే ఉంటుంది. అయినా ఆ ఆకురాయి గీసినంతసేపూ ఆరేళ్ల సిగ్గు పొడిగా రాలిపోతున్నట్టే అనిపించింది. పని అయ్యాక ఓబులేసు మమ్మల్ని కుళాయి కింద పెట్టి కడిగాడు. పదేళ్ల మట్టి పోయింది.

ఫైనల్ రోజు మైదానం చుట్టూ జనం. ఓబులేసు గీత పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. రెండో సగంలో బంతి కుడివైపు వచ్చింది. సుంకమ్మ పరుగు మీద గిరుక్కున తిరిగింది. నడుము తిరిగింది, తొడ తిరిగింది. ఓబులేసు కళ్లు మూసుకోవడం నాకు కనిపించింది.

నేను జారాను.

జానెడంత జారాను, అంతే. మోకాలు నాతోపాటే తిరిగింది. సుంకమ్మ దబ్బున పక్కకు పడింది. బంతి అవతలి జట్టుకు పోయింది. అయ్యో అంటూ జనం నిట్టూర్చారు. మోచెయ్యి దులుపుకుని ఆమె లేచి మళ్లీ పరిగెత్తింది.

"లేసింది! సూడండప్పా, లేసింది!" అని ఓబులేసు కర్ర పైకెత్తి అరిచాడు. గోలు పడిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

ఆ ఆట రెండు ఒకటితో ఓడిపోయాం. గెలిచే బూట్లుగా నా పేరు ఆ రోజుతో పోయింది. నా బతుకులో నేను అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.

నన్ను తొడుక్కుని సుంకమ్మ ఇంకో నాలుగేళ్లు ఆడింది, నేను చిరిగాక వేరేవాటితో ఏడేళ్లు ఆడింది. ఇప్పుడు అదే మైదానంలో అమ్మాయిలకు ఆట నేర్పిస్తోంది. నేను సామాన్ల గదిలో అలమారా పై అరలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్ల రంగు చూసి బూట్లు కొనుక్కొస్తే, సుంకమ్మ నన్ను దించి తిరగేసి చూపిస్తుంది. పిల్లలు నా మొండి స్టడ్ల మీద బొటనవేలు పెట్టి రాసి చూస్తారు.

గేటు దగ్గర ఓబులేసు కూర్చుని ఉంటాడు. ప్రతి పిల్ల బూటునూ నేల మీద నొక్కి, చేత్తో తిప్పి చూడనిదే ఎవరినీ లోపలికి పోనివ్వడు. మంత్రులొచ్చినా ఆ పద్ధతి తప్పడట. మనుషులకు ఏదో ఒక పట్టింపు లేకపోతే పొద్దుపోదు, ఇది మాత్రం నాకు నచ్చిన పట్టింపు.

ఆయుధపూజకు బొట్టు ఇప్పటికీ పెడతాడు. అయితే పైన కాదు. నన్ను తిరగేసి, తను కోసిన ఆరు చోట్లా ఒక్కొక్కటి పెడతాడు.