మొగుడి వేషానికి వరస కుదరలేదు

నాకు కోపం తొందరగా వస్తుందని స్టాఫ్‌రూంలో ఒక పేరుంది. మాచవరం పక్క పల్లెలో హైస్కూలు పిల్లలతో నాటకం వేయించండి, మీకూ వస్తుంది. మా నాటకంలో ముఖ్యమైన వేషాలు రెండే, మొగుడూ పెళ్లామూ. సోమవారంలోగా పేర్లు నరసరావుపేట పోటీలకు పంపాలి. పెళ్లాం వేషానికి పదో తరగతి వెన్నెల తప్ప వేరే పేరే నాకు తోచలేదు. ఆ పిల్లకు నాటకమంటే పిచ్చి. మార్చితో బడి అయిపోతుంది, స్టేజీ ఎక్కడానికి ఇదే ఆఖరి అవకాశం.

"ఏ వేషమైనా సరే టీచర్, నన్ను మాత్రం తీసెయ్యమాకండి," అని వారం రోజులుగా నా వెనకే తిరుగుతోంది.

శనివారం మధ్యాహ్నం సెలక్షన్లు పెట్టాను. వెన్నెలతో పాటు వాళ్ల నాయనమ్మ మాణిక్యమ్మ కూడా వచ్చి ముందు బెంచీ మీద కూర్చుంది. ఎందుకొచ్చిందో నాకు వెంటనే అర్థం కాలేదు.

మొదట అభిరామ్‌ను పిలిచాను. గొంతు బాగుంది. పేరు రాసుకోబోతుంటే మాణిక్యమ్మ చెయ్యెత్తింది.

"టీచరమ్మా, ఈడు దీనికి అన్న వరస. అన్నను పట్టుకుని ఏవండీ అంటదా? చానా తప్పు."

"ఉత్త నాటకమే కదమ్మా?"

"నాటకమైతే వరసలు మారతయ్యా ఏంది?"

పెద్దావిడ కాదంటే ఆ పిల్లను స్టేజీ ఎక్కించే ధైర్యం వాళ్లింట్లో ఎవరికీ లేదు. సరేనని బ్రహ్మాజీని పిలిచాను.

"వామ్మో, ఈడా! ఈడు నిజంగానే బావ వరస. స్టేజీ మీద ఒక్కసారి ఏవండీ అందంటే, పెళ్లెప్పుడని రేపు ఊరంతా మా గుమ్మంలో కూర్చుంటది."

బ్రహ్మాజీ చెవులు ఎర్రబడ్డాయి. వెనక బెంచీల్లో ఒకటే గోల. అన్న అయితే తప్పు, బావ అయితే ఇంకా తప్పు. ఈ వరసల గొడవ ఇతనికైనా ఉండదు కదా అని అక్రంను పిలిచాను.

"వాళ్లమ్మ బషీరున్నీసాను మా కోడలు అక్కా అని పిలుస్తది. మరి ఈడూ అన్నే గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే నడికుడిలో రైలాపి మొగుణ్ని దించుకోమంటారా?" అని అరిచాను.

ఆవిడ తొణకలేదు. "ముక్కూ మొహం తెలీనోడితోనా? అసలే కుదరదు," అని నవ్వింది.

వెన్నెల కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలో కాగితాలు బల్ల మీద పడేసి, "టీచర్, మొగుడి వేషం నేనే వేస్తా. పెళ్లాంగా మా క్లాసు నీరజను పెట్టండి," అంది.

మాణిక్యమ్మ కాసేపు వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకుంది. ఇద్దరూ ఆడపిల్లలయ్యేసరికి ఏ వరసా అడ్డం రాలేదు. "వెయ్యి. మొగోడి నడకన్నా వస్తదో రాదో చూద్దాం," అంది ఎగతాళిగా.

వెన్నెల డైలాగుల జోలికే పోలేదు. అటెండరు దగ్గర తువ్వాలు అడిగి భుజాన వేసుకుంది. తలుపు దగ్గర రెండుసార్లు గట్టిగా దగ్గి లోపలికొచ్చి, నేల మీద కూర్చుంది. నీరజ వడ్డించిన ఉత్తుత్తి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేని కంచాన్ని ఒక్క వేలితో పక్కకు నెట్టింది. పెళ్లాం వైపు చూడనైనా చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చుంది.

"అయ్యో, ఉప్పు తగ్గిందా అయ్యా? ఉండు, తెస్తన్నా!"

అన్నది నీరజ కాదు, మాణిక్యమ్మ. బెంచీ మీంచి లేచి, కొంగు బొడ్లో దోపుకుని రెండడుగులు వేసింది కూడా.

పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఉన్నచోటే ఆగిపోయి మనవరాలి వంకే చూసింది.

"అచ్చం మీ తాతే," అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగింది. "ఆయన పోయి ఆరేళ్లయింది టీచరమ్మా. నేనింకా లేస్తానే ఉండా."

వెన్నెల భయపడి తువ్వాలు తీసేసింది.

"తప్పయిపోయింది నాయనమ్మా. ఇంక వెయ్యనులే."

మాణిక్యమ్మ వెనక్కొచ్చి కూర్చుంది. బొడ్లో దోపిన కొంగు తీసి భుజం మీద సర్దుకుని, బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది.

"ఎందుకు వెయ్యవే? ఆ వేషం నీదే. కంచం మళ్లీ నెట్టు," అంది. "ఈసారి నేను లెయ్యను."