తీగ లేచిందో!

రాకేష్ రమ్మన్నప్పుడల్లా నీలా ఏదో ఒక సాకు వెతికేది. ఒకసారి పరీక్షలన్నది, ఒకసారి పాపకు జలుబన్నది. సాకులన్నీ ఖర్చయిపోయాక ఈ ఆదివారానికి మాట ఖాయమైంది.

రాకేష్, సంజీవ్ సూర్యాపేట కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితులు. ఇప్పుడు రాకేష్‌కు సూర్యాపేటలో విత్తనాల దుకాణం. నీలా భర్త సంజీవ్ కోదాడలో లెక్కల మాస్టారు. మఠంపల్లి దగ్గర తాతలనాటి పొలంలో రాకేష్ కొత్తగా ఇల్లు కట్టాడు. స్నేహితుడి కుటుంబం వచ్చి ఒక పూట భోంచేయనిదే అది ఇల్లే కానట్టు మాట్లాడేవాడు.

"అరేయ్, చెల్లెకియ్యి ఫోను," అన్నాడు శనివారం. "ఏం చెల్లె, మా ఇంట్ల కూర మంచిగుండదనా? నేను మిర్యాలగూడ పోయి, మా ఇంటామె వైష్ణవిని వాళ్లమ్మగారింటికాడ ఎక్కించుకొని వస్త. మీరు ముందుగాల పోయి కూసోండ్రి. కాపలాకు సైదయ్య ఉంటడు. మా పూజమ్మ బోరు నీళ్ల కింద ఆడుకుంటది."

"వరి ఇప్పుడు పాలకంకి మీదుందా అన్నా?"

"అబ్బో! టీచరమ్మవైనా తండా బిడ్డవే! అవు, పాలు పోసుకుంటుంది."

నీలా ఫోను సంజీవ్‌కు తిరిగిచ్చేసింది. పాలకంకి వాసనకు అడవిపందులు దిగుతాయి. పందులు దిగే చోట తీగ ఉంటుంది.

త్రిపురారం దగ్గర ఆమె పుట్టిన తండాలో ఒక కట్టడి ఉండేది. పందుల కోసం పొలం చుట్టూ తీగ కట్టినవాడు, దానికి కరెంటు ఇచ్చేముందు గట్టు మీద నిలబడి, తండా వైపు తిరిగి ముమ్మారు కేక వేయాలి: "తీగ లేచిందో!" విన్నవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాలి. తోవ తెలిసినవాళ్లు వచ్చి చేయి పట్టుకునేదాకా కదలరాదు. ఒకనాడు కేక వేయవలసిన మనిషి పెళ్లికి పోయే తొందరలో, పొద్దుండగానే మీట నొక్కి వెళ్లిపోయాడు. నీలా చిన్నాన్న మంగ్త్యా గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని అదే గట్టున వచ్చాడు. తండాకు మోపు పడిన చప్పుడే వినిపించింది. మనిషి గొంతు వినిపించలేదు.

అందుకే కూతురు పూజకు నడక వచ్చిన ఏడే ఆమె ఆ ఆట నేర్పింది. కోదాడ కిరాయి ఇంట్లో, వంటగదిలోంచి "తీగ లేచిందో!" అంటే చాలు, పిల్ల నడింట్లో బొమ్మలా నిలబడిపోయేది. సంజీవ్ నవ్వేవాడు. "టౌన్ల తీగెక్కడిదే? బట్టలారేసే తీగనా?"

ఆదివారం ఎండ ముదరకముందే చేరుకున్నారు. పచ్చని చేల నడుమ తెల్లని ఇల్లు, ఎవరో మరచిపోయిన గిన్నెలా ఉంది. సంజీవ్ బండికి నీడ వెతుకుతుండగా నీలా కళ్లు గట్టు వెంట నడిచాయి. వెదురు గూటాలు, గూటాలకు పగిలిన సీసాల మెడలు, ఆ మెడల్లోంచి మోకాలెత్తున సన్నని తీగ. సాలెపోగులా ఎండకు మెరుస్తూ, మాయమవుతూ.

"తాతా, దీనికి కరెంటు ఎక్కడికెల్లి?"

"మోటరు కాడికెల్లేనమ్మా. మొన్ననే గుంజిన, రాకేష్ సారుకింకా ఎర్కలేదు," అన్నాడు సైదయ్య. "రాత్రి మోటరు నడిస్తే తీగ నడుస్తది. మోటరు బందైతే అది ఉత్త తీగ. పగటీలి ఎయ్యం, భయపడకు బిడ్డా."

"ఎయ్యంగ కేకేస్తవా?"

"ఎవరికెయ్యాలె?" పళ్లు లేని నోటితో నవ్వాడు ముసలాయన. "ఈడ నేను, నా కుక్క."

"ఫీజు పీకెయ్యరాదు తాతా?"

స్టార్టరు డబ్బా తీగకు అవతల, బోరు దగ్గర ఉంది. "జర చాయ్ పెట్టిచ్చి పోత తియ్యి," అంటూ సైదయ్య లోపలికి నడిచాడు.

చివరి మాటలే విన్న సంజీవ్ ముఖం చిట్లించాడు. "వచ్చీరాంగనే వాళ్ల పొలానికి వంకలా? పగటీలి ఉండదంటున్నడు గద!"

నీలా పాప చేయి వదలలేదు. సైదయ్య పొగలు కక్కే గ్లాసు తెచ్చి అందించేదాకా వదలలేదు. వేడికి రెండో చేయి సాయం కావలసి వచ్చింది. ఆ రెప్పపాటులో పూజ నల్లకుక్క వెనక గట్టెక్కింది.

అప్పుడే సంజీవ్ ఫోను మోగింది.

"అరేయ్, మాకు జర లేటైతది," రాకేష్ గొంతు ఉత్సాహంగా ఉంది. "పాపను బోరుకాడ నిలవెట్టు. స్టార్టరు నా ఫోన్లనే ఉంది. గీడ నొక్కితే గాడ నీళ్లు! సూడు తమాషా!"

"నొక్కురా, నొక్కు!" అన్నాడు సంజీవ్ నవ్వుతూ.

నీలా చేతిలోని గ్లాసు జారింది. చేను నడుమ మోటరు గుర్రుమంది. గొట్టం ఒకసారి దగ్గి, తెల్లగా కక్కింది.

"తీగ లేచిందో!"

ఎన్నో ఏళ్లుగా ఆమె గొంతులో దాగి ఉన్న కేక అది. నీళ్ల హోరును చీల్చుకొని పోయింది. గట్టు మీద పిల్ల బొమ్మైంది. ఎత్తిన పాదానికీ తీగకూ నడుమ జానెడు దూరం.

కుక్కకు ఆ ఆట తెలియదు. తీగ తగిలి, సగం అరుపుతోనే ఒరిగిపోయింది.

"వస్తున్నయా నీళ్లు? పాప నవ్వు ఇనపడ్తలేదేంది?" అంటున్నది ఫోను. సంజీవ్ కళ్లు పిల్ల మీదే ఉన్నాయి.

"బంద్ చెయ్యన్నా!" నీలా అరిచింది.

"ఏంది చెల్లె, నీళ్లు సూసి భయపడ్డదా? సరే, బంద్ చేసిన. జరంత ఆగి మళ్ల ఏస్త, భయం పోతది."

"వద్దురా! తీగ..." అని సంజీవ్ అరిచేసరికి లైను తెగిపోయింది. మళ్లీ కలిపాడు. అవతల మోగలేదు. మళ్లీ కలిపాడు.

నీళ్లు సన్నబడి, చుక్కలై, ఆగాయి. సైదయ్య తీగ ఇవతలే నిలబడి, అవతలి డబ్బా వైపు చూస్తూ, పాదం ముందుకు వేయలేకపోతున్నాడు.

"యాడీ," అని తల్లిని పిలిచింది పూజ. గాలిలో కాలు వణుకుతోంది. "దించనా?"

"వద్దు బేటా. నేనొచ్చి చెయ్యి పడ్త. అదే గద ఆట."

నీలా గట్టెక్కింది. పక్కన తీగ, ఉత్త తీగలాగే, ఎండలో మెరుస్తోంది. పరుగెత్తితే అదిరి పిల్ల తూలుతుందేమోనని అడుగు తీసి అడుగు వేసింది. చివరికి చిన్న చేయి అందింది. బిడ్డను గుండెకెత్తుకొని వెనక్కి తిరిగింది. తిరిగి నడవవలసిన గట్టు అంతా ఇంకా ముందే ఉంది.

చేను నడుమ గొట్టం మళ్లీ దగ్గింది.