రిపోర్టు బాగున్న ఇల్లాలు

రిపోర్టు బాగానే ఉంటే మరి అలిసిపోతున్నది ఎవరన్న అనుమానం ఆవిడకు ఏళ్లుగా ఉంది. దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణీ అదే అడుగుతుంది. ఆయన పలకడు. ఇంట్లోవాళ్లు మాత్రం ఊరుకోరు.

రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, ఆ తర్వాత గంటదాకా కాఫీ కూడా తాగకూడదు. అయినా జుట్టంతా దువ్వెనకే వస్తోంది, మధ్యాహ్నానికి కాళ్లు ఈడుస్తోంది. ఆ మాట చెబితే, ఫ్రిజ్‌లు బాగుచేసే మొగుడు రిపోర్టు తీసి చూపిస్తాడు.

"నార్మల్ అని అచ్చేసి ఉంది కదే. ఇంకా నీరసమేమిటి?"

"అచ్చులో అబద్ధాలు రాస్తారా ఏమిటి?" అని అత్తగారు వంత పాడుతుంది.

ఒక ఆదివారం ఆయన తన దగ్గర పనిచేసే మెకానిక్‌ను ఫోనులో తిడుతున్నాడు. "మీటరులో చల్లదనం సరిగ్గా ఉందని ఫ్రిజ్ అలాగే వదిలేసి వచ్చేస్తావా? పాలు విరిగిపోతున్నాయని ఆ ఇంటావిడ మొత్తుకుంటోందిగా. వాడేవాళ్లకు తెలుస్తుందా, నీకు తెలుస్తుందా? వెళ్లి విప్పి చూడు."

ఆవిడ తరుగుతున్న కూర పక్కన పెట్టింది. "మీ ఇంట్లో ఫ్రిజ్‌గా పుట్టినా బాగుండేదండీ. ఆ మాటేదో డాక్టరు దగ్గరికొచ్చి అనండి."

అత్తగారికి దగ్గొచ్చింది. ఆయన బల్ల మీది రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. "నార్మలే కావచ్చు సార్, కానీ బాధ పడేది ఈవిడ. ఇంకేమైనా ఉందేమో చూడండి," అన్నాడాయన. మగవాడు చెప్పేసరికి డాక్టరు కాగితం వదిలి మనిషిని చూశాడు. రక్తహీనతకు పరీక్ష రాశాడు.

ఏళ్ల కిందట థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన రోజున ఆయన ఒక మాటిచ్చాడు, "మాత్రేసుకున్నాక ఆ గంటా పడుకో, కాఫీ నేను పెడతా"నని. ఆ బాకీ అలాగే ఉండిపోయింది. మరుసటి పొద్దున గంట కాగానే కాఫీ తెచ్చాడు, పంచదార మరిచాడు.

"ఎలా ఉంది?"

"నార్మలే," అని ఆవిడ చివరి చుక్క దాకా తాగింది.