రౌతు ఊడిగం

జాన్‌బాబు డాబా మీద పెళ్ళాం లంగాలు ఆరేస్తున్నాడని, నోట్లో నాలుగు క్లిప్పులు కరుచుకుని మరీ ఆరేస్తున్నాడని ఎదురింటి చిట్టెమ్మ కొళాయి దగ్గర అందట. ఆరేసి ఊరుకోకుండా ముడతలు కూడా లాగుతున్నాడని కలిపిందట. ఆ మాట కొళాయి నుంచి కిరాణా కొట్టుకి, కొట్టు నుంచి చర్చి మెట్లకి నడిచి, మూడో రోజుకి అతని అక్క లూర్దమ్మ నోట మళ్ళీ ఇంటికే వచ్చింది.

"నిజమే గదప్పా. అబద్ధమైతే కోపం రావాల" అన్నాడు జాన్‌బాబు, బకెట్లోంచి చెయ్యి తియ్యకుండానే.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పని అతనిది. కాపురం డాబా మీది ఒంటి గదిలో. భార్య దీవెనమ్మకి గర్భసంచి తీసేసి పన్నెండు రోజులైంది. మూడు నెలలు బరువెత్తకూడదంది డాక్టరమ్మ. సాయానికి అక్క వస్తుంది గానీ, నాలుగేళ్ళ కిందట ఆవిడకీ అదే ఆపరేషను. కుట్లు మధ్యలో తెగాయి. ఎలా తెగాయో ఎవరూ అడగలేదు. అప్పట్నుంచీ నడుం పట్టుకునే మెట్లెక్కుతుంది. కూర తరుగుతుంది, బకెట్ ఎత్తలేదు.

అంతవరకే అయితే వీధి నవ్వి ఊరుకునేది. చిక్కల్లా కత్తితో వచ్చింది.

మగాళ్ళు పూజకి రావడం మానేశారని కొత్త ఫాదరు మరియమాత రౌతుల సంఘం పెట్టాడు. వెనకటికి యూరప్‌లో గుర్రపు రౌతులుండేవారట. కత్తి పట్టి బలహీనుల పక్కన నిలబడేవారట. కతోలిక మగవాడంటే అలా ఉండాలట. పన్నెండు మంది పేర్లిచ్చి ఎర్ర శాలువాలు కుట్టించుకున్నారు. జాన్‌బాబు లారీ చక్రాల మీది కమాన్ ఉక్కుపట్టీని కాల్చి, సాగ్గొట్టి, వారం రోజులు సానబట్టి నిలువెత్తు కత్తి చేశాడు. తేరు పండగనాడు మాత ముందు నువ్వే పట్టుకు నడవాలి అన్నాడు ఫాదరు. పుట్టి బుద్ధెరిగాక అతన్నెవరూ దేనికీ ముందు నిలబెట్టలేదు. ఆ రోజు నుంచి ఖాళీ చేతుల్తో వెళ్ళేటప్పుడు కూడా కత్తి పట్టినట్టు మోచెయ్యి మడిచే నడిచాడు.

ఫాదరు ఇంకో మాట కూడా చెప్పాడు. కత్తి దక్కాలంటే రౌతు మొదట ఏళ్ళ తరబడి ఒకరింట ఊడిగం చెయ్యాలట. వడ్డించాలి, కవచం తోమాలి, పక్క సర్దాలి. పదకొండు మందికి కత్తి ఒక్కటే వినబడింది. జాన్‌బాబుకి ఊడిగం కూడా వినబడింది.

పండగకి ముందురోజు సాయంత్రం, సంఘం కెప్టెన్ రాయప్ప ఇద్దరు రౌతుల్ని వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. రాయప్ప అంటే లూర్దమ్మ మొగుడే. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. జాన్‌బాబు ఆరిన బట్టల మీద గాలికొచ్చి పడ్డ నల్లపొడి దులుపుతున్నాడు.

"ఏటి బామ్మర్దీ ఇది. సంఘం పరువు పోతంది. గదిలో ఆరేసుకోలేవా?"

"గదిలోకి ఎండ రాదు బావా."

"రేపు మాత ముందు కత్తి పట్టే సెయ్యది. ఆ సేత్తో లంగాలు పిండుతావా?"

"రోజూ సబ్బులోనే ఉంటంది. నీ సెయ్యికన్నా తెల్లగుంటాది, సూడు."

వెంట వచ్చినవాడొకడు నవ్వబోయి దగ్గాడు. రాయప్ప మొహం మాడింది.

"గదిలోనైనా ఆరెయ్యి, కత్తైనా ఇచ్చీ. ఇప్పుడే తేల్చు."

"గదిలోనే ఆరేసీ మావా" అంది లోపల మంచం మీంచి దీవెనమ్మ. మొగుడు మోచెయ్యి ఎందుకు మడుస్తున్నాడో ఆవిడకి తెలుసు. "పండగ ఏడాదికోసారే వస్తాది."

జాన్‌బాబు గోడకి ఆనించిన కత్తి వంక చూశాడు. తర్వాత బకెట్లో మిగిలిన లంగా తీసి, దులిపి, వీధిలోకి బాగా కనబడే తీగ మీద వేసి రెండు వైపులా క్లిప్పులు పెట్టాడు. కత్తి తెచ్చి పిడి రాయప్ప వైపు తిప్పి అందించాడు.

"బరువుంటాది, రెండు సేతుల్తో పట్టు. శాలువా అదిగో, లంగాల పక్కనుంది. ఆరాక పంపుతాను."

రాయప్ప కత్తి అందుకుని, వీధికి కూడా వినబడేలా అన్నాడు: "ఆడదాని బట్టలు ఉతికినోడు మగోడేట్రా?"

లూర్దమ్మ చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు.

"నా కుట్లు తెగిననాడు బకెట్లో ఉన్నవి నీ లుంగీలే."